గోల్కొండ చెర నుంచి భద్రగిరికి: రామదాసు కథలో లెక్కలు

భద్రాచలం బయలుదేరేవాళ్లు ముందు గోల్కొండ ఎక్కడం మంచిదంటాను. ఎండ ముదరక ముందే వెళ్లాలి. పైకెక్కే దారిలో రామదాసు బందీఖానా వస్తుంది. లోపల చీకటి, గోడ మీద చెక్కిన రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగితేనే ఆ గీతలు తెలుస్తాయి. జనం ఫోన్ లైటు వేసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతుంటారు.

రామదాసు అసలు పేరు గోపన్న. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించినందుకు గోల్కొండ నవాబు తానీషా అతణ్ణి 12 ఏళ్లు ఇక్కడ బంధించాడని కథ. నిజంగా అన్నేళ్లు ఉన్నాడా? తానీషా గద్దెనెక్కింది 1672లో, గోల్కొండ ఔరంగజేబు వశమైంది 1687లో. మొత్తం ఏలుబడే 15 ఏళ్లు. ఈలోగా తానీషా మంత్రి మాదన్నకు పెత్తనం రావాలి, ఆయన మేనల్లుడు గోపన్న పాల్వంచ తహసీల్దారు కావాలి, శిస్తు వసూలవ్వాలి, గుడి లేవాలి, ఫిర్యాదు దర్బారుకు చేరాలి. అవన్నీ అయ్యాక 12 ఏళ్ల చెర! అసాధ్యమని కాదు గానీ బాగా ఇరుకు. పూర్వజన్మలో చిలకను 12 రోజులు పంజరంలో పెట్టిన పాపమే ఈ చెర అని మన పెద్దలు చెప్పే కథ ఉంది కదా, ఆ సంఖ్య పంచాంగం కన్నా పురాణానికే దగ్గరగా ఉందని నా అనుమానం. చెర మాత్రం కల్పన కాదనే అనుకుంటాను.

డబ్బు సంగతి ఇంకా తమాషా. గోపన్నను విడిపించడానికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు కట్టింది ఆరు లక్షల వరహాలంటారు. వరహా అనే బంగారు నాణెం తూకం సుమారు 3.4 గ్రాములు. గుణిస్తే రెండు టన్నుల పైమాటే. వరహా కాదు, అందులో సగమైన మాడ అనుకున్నా టన్ను బంగారం. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో రామదాసు చెప్పుకున్న ఖర్చు చూడండి: ప్రాకారాలకు పదివేలు, సీతమ్మ చింతాకు పతకానికి పదివేలు, లక్ష్మణుడి ముత్యాల పతకానికీ పదివేలే. అది చిట్టా ఆవర్జా కాదు, అలిగిన భక్తుడి దెప్పిపొడుపు. బజారులో రామమాడలని అమ్మే బిళ్లలు పూజలో పెట్టుకునేవి. రాముడు కట్టిన తానీషా ఖజానా నాణేలని మోసపోకండి.

రైల్లో వెళ్తే ఒక చిక్కుంది. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కణ్ణుంచి గుడికి ఇంకో 40 కిలోమీటర్లు బస్సు. రాత్రి పూట దిగితే ఆ బస్సు సంగతి ముందే కనుక్కోవాలి.

గర్భగుడిలో రాముడికి నాలుగు చేతులు. శంఖం కుడివైపు, చక్రం ఎడమవైపు. సీతమ్మ ఎడమ తొడ మీద ఉంటుంది. క్యూ కదిలిపోతుంటుంది కాబట్టి మొదట రాముడి చేతుల వైపే చూడండి. ఈ మూర్తులను గోపన్న కంటే ముందే పోకల దమ్మక్క పుట్టలో కనుక్కుని, పందిరి వేసి పూజించిందని స్థలకథ. గుడి కట్టిన అధికారి పేరు అందరికీ తెలుసు, ఆమె పేరు అడిగితేనే చెబుతారు.

తలంబ్రాల్లో గులాలు కలపడం ఇక్కడి ప్రత్యేకత. తానీషా కాలం నాటి ఆచారమంటారు. కలపడం ఫాల్గుణ పౌర్ణమికే మొదలవుతుంది. శ్రీరామనవమి నాడు ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వస్తాయి. ఆ రోజు కల్యాణం చూడాలంటే గది, టికెట్టు ముందే తీసుకోవాలి. గుడి నింపాదిగా చూడాలనుకుంటే మాత్రం నవమి దాటాకే వెళ్లండి.