వంద రూపాయల మందు మీద పదేళ్ల పరిశోధన

మందుల కంపెనీలు ఉన్నాయి కదా, క్యాన్సర్ పరిశోధనకి సర్కారు సొమ్ము ఎందుకు అని ఎవరైనా అంటే నేను లిగ్నోకెయిన్ గురించి చెప్తాను. పన్ను పీకే ముందు చిగురుకి ఇచ్చే మత్తు ఇంజెక్షన్, అదే.

ముంబై టాటా మెమోరియల్‌లో డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందానికి ఒక అనుమానం వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో గడ్డని కదిపి కోసే ఆ కాసేపట్లోనే కొన్ని కణాలు రక్తంలోకి జారుకుని ఇంకోచోట పాగా వేస్తున్నాయేమో, ముందే గడ్డ చుట్టూ మత్తుమందు ఎక్కిస్తే వాటికి అడ్డుకట్ట పడుతుందేమో అని. 2011లో మొదలుపెట్టి 11 ఆస్పత్రుల్లో దాదాపు 1,600 మంది తొలి దశ పేషెంట్లతో ట్రయల్ చేశారు. సగం మందికి మామూలు ఆపరేషన్, మిగతావాళ్లకి కత్తి పెట్టడానికి 7 నుంచి 10 నిమిషాల ముందు ఈ ఇంజెక్షన్. ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మొదటి గుంపులో 86.4 శాతం, రెండో గుంపులో 90.1 శాతం. నూటికి దాదాపు నలుగురు ఎక్కువ, అదీ వంద రూపాయల లోపు మందుతో!

పేటెంట్ ఎప్పుడో తీరిపోయిన మందు మీద ఇన్నేళ్లు ఏ కంపెనీ ఖర్చు పెడుతుంది? పెట్టింది కేంద్ర అణుశక్తి శాఖ. చాలామందికి తెలియదు గానీ 1962 నుంచి టాటా మెమోరియల్ ఆ శాఖ కిందే ఉంది, మన విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి కూడా వాళ్లదే.

ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన కార్-టీ (పేషెంటు సొంత రోగనిరోధక కణాల్నే బయటికి తీసి, క్యాన్సర్‌ని చంపేలా మార్చి తిరిగి ఎక్కించే) చికిత్స నెక్స్‌కార్19కి కూడా ప్రభుత్వ నిధులు తోడయ్యాయి, 2023లో అనుమతి వచ్చింది. విదేశాల్లో అయ్యే ఖర్చులో పదో వంతే అన్నా లక్షల్లోనే ఉంది, మామూలు కుటుంబానికి అది ఇప్పటికీ అందనిదే. అందుకే నా మనసు ఆ చవక ఇంజెక్షన్ వైపే మొగ్గుతుంది.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు క్యాన్సర్ వైద్యానికి బిల్లులు కడుతున్నాయి, మంచిదే. పరిశోధనకీ బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి. ఇలాంటి ట్రయల్‌లో పెద్ద ఖర్చు మందుది కాదు, మనుషులది. ఊళ్లకి వెళ్లిపోయిన పేషెంట్లకి ఏళ్ల తరబడి ఫోన్లు చేసి, చెకప్‌కి రప్పించి, ఎవరికి తిరగబెట్టింది, ఎవరు బాగున్నారు అని ఒక్కరినీ వదలకుండా రాసిపెట్టే ఉద్యోగులు కావాలి. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రుల్లో ముందు ఆ పోస్టులు మంజూరు చేయండి, జీతాలు నెలనెలా ఆగకుండా ఇవ్వండి.