ముద్దాయి తరఫున నిలబడ్డ వారం

లా ఆఖరి సంవత్సరంలో మూట్ కోర్టుకు, అంటే విద్యార్థులు లాయర్లుగా వాదించే ఉత్తుత్తి కోర్టుకు, చీటీలు వేశారు. జర్మన్ జనరల్ ఆంటన్ డోస్ట్లర్ తరఫున వాదించడం నా వంతుకు వచ్చింది. 1944 మార్చిలో ఇటలీలో పట్టుబడిన 15 మంది అమెరికన్ సైనికులను విచారణ లేకుండా కాల్చి చంపించిన అధికారి ఆయన. చీటీ మార్చుకుందామని మిత్రుణ్ణి అడిగాను. నవ్వి తప్పించుకున్నాడు.

మొదటి రెండు రోజులు ధీమాగానే ఉన్నాను. చేజిక్కిన కమాండోలను చంపేయమని 1942 అక్టోబర్ 18న హిట్లర్ ఇచ్చిన ఉత్తర్వు ఉండనే ఉంది. పైగా వీళ్లు రైల్వే సొరంగం పేల్చడానికి రాత్రివేళ పడవల్లో వచ్చినవాళ్లు. వాళ్లను విధ్వంసకారులనవచ్చు, లేదంటే చంపడాన్ని ప్రతీకార చర్య అనవచ్చు.

రికార్డు చదివేకొద్దీ ఒక్కొక్కటే జారిపోయింది. వాళ్ల ఒంటిమీద ఉన్నవి అమెరికన్ సైనిక దుస్తులే, కాబట్టి యుద్ధ ఖైదీలే. ఖైదీల మీద ప్రతీకారం కూడదని, యుద్ధ ఖైదీలను ఎలా చూడాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందం రెండో అధికరణం సూటిగా చెబుతోంది. జర్మనీ దానికి కట్టుబడిన దేశమే.

ఇక మిగిలింది హిట్లర్ ఉత్తర్వు. పట్టుబడింది మార్చి 24న, చంపింది 26 ఉదయం. 25 రాత్రి డోస్ట్లర్ కింద పనిచేసే కర్నల్ ఆల్మర్స్, కొందరు నౌకాదళ అధికారులు ఈ మరణశిక్షను ఆపించాలని చూశారు. వాళ్లూ జర్మన్లే, అదే సైన్యం అన్నం తిన్నవాళ్లే! డోస్ట్లర్ మాత్రం ఖైదీల ముఖం కూడా చూడలేదు. ఖైదీలను ప్రశ్నించి ఎవరో రాసి పంపిన నివేదికలను బట్టి నిర్ణయించేశాడు. ఆ వాక్యం దగ్గర పెన్ను మూసేసి, ఆ రాత్రికి ఇక చదవలేకపోయాను.

తెల్లారి అసలు న్యాయవాదులు ఏం వాదించారో వెతికాను. 1945 అక్టోబర్‌లో రోమ్‌లో విచారణ మొదలుకాగానే వాళ్లు ఎత్తిన అభ్యంతరం చూసి నమ్మలేకపోయాను. డోస్ట్లర్ ఇప్పుడు యుద్ధ ఖైదీ, కనుక అదే జెనీవా ఒప్పందం 63వ అధికరణం ప్రకారం ఆయనను కోర్టు మార్షల్ (అమెరికా తన సొంత సైనికులను విచారించే కోర్టు) విచారించాలే తప్ప సైనిక కమిషన్ (శత్రువుల యుద్ధ నేరాల కోసం సైన్యం వేసిన ప్రత్యేక కోర్టు) కాదు అన్నారు. ఖైదీగా ఉన్నప్పుడు చేసిన నేరాలకే ఆ అధికరణం వర్తిస్తుందని కమిషన్ తోసిపుచ్చింది. డిసెంబర్ 1న ఆయనను కాల్చి చంపారు.

వేరే దారి లేక నేనూ అదే అభ్యంతరం చదివాను. "నా క్లయింటు యుద్ధ ఖైదీ, ఆయనకు తగిన కోర్టు కావాలి" అనగానే జడ్జీ స్థానంలో ఉన్న మేడమ్ కళ్లజోడు తీసి, "ఆ పదిహేను మందికి ఏ కోర్టు ఇచ్చారు?" అని అడిగారు. కాగితాల్లో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.