ఫోన్ చేయని రోజు

ఆదివారం, రాత్రి.

ఉదయం రైతు బజారు నుంచి కూరగాయల సంచితో తిరిగి వస్తుండగా కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకరు నా బండిని ఆపారు. హెల్మెట్ నా వెంటే ఉంది, కానీ తల మీద లేదు, బండి అద్దానికి వేలాడుతోంది. బజారు మా ఇంటికి కిలోమీటరు దూరం కూడా లేదు కదా అన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలంటుందే గాని, ఎంత దూరం వెళ్తున్నారని అడగదు. ఈ సంగతి రోడ్డు భద్రతా వారోత్సవాల్లో పిల్లలకు నేనే చెబుతుంటాను.

"ఏంటి మాస్టారూ, హెల్మెట్ బండికి పెట్టారేంటి?" అని ఆయన అడిగారు. నేను నిజంగానే బడిపంతులునని ఆయనకు తెలియదు. మా వైపు వయసు మళ్ళిన వాళ్ళను అలాగే పిలుస్తారు. ఆ మాటలో కోపం గాని, వెటకారం గాని లేవు. అయినా నా చేయి దానంతట అదే చొక్కా జేబులోని ఫోన్ మీదకు వెళ్ళింది.

ఆ చేయి ఎందుకు వెళ్ళిందో ఇక్కడ దాచకుండా రాసుకోవాలి. నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు పక్క జిల్లాలో ఎస్సైగా పనిచేస్తున్నాడు. "ఎప్పుడు ఏ అవసరం వచ్చినా ఒక్క ఫోన్ చేయండి సార్" అని ప్రేమతో చెప్పి నంబరు ఇచ్చాడు. నిరుడు ఇలాగే వేరే చోట నన్ను ఆపినప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేసి, "ఒకసారి మాట్లాడండి" అంటూ ఆ ఫోన్‌ను అక్కడి కానిస్టేబుల్ చేతికి అందించాను. ఆయన రెండు మాటలు విని, నా బండి తాళం నాకు తిరిగి ఇచ్చేశారు. అదే తప్పుకు నా పక్కనే నిలబడిన పార్సిళ్ళు పంచే కుర్రవాడికి మాత్రం చలానా రాశారు. వాడు ఏమీ అనలేదు. భుజానికి తగిలించుకున్న పెద్ద సంచిని సర్దుకుంటూ ముందు నా ఫోన్ వైపు, తరువాత నా ముఖం వైపు చూశాడు. పోలీసుల మీద వాడికి ఆ రోజు ఎంత నమ్మకం పోయిందో, ఆ పోయినదాంట్లో నా వాటా ఎంతో అన్న ఆలోచన ఏడాదిగా నన్ను వదలలేదు.

ఈరోజు జేబులోంచి ఫోన్ తీశాను గాని, తీసింది ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో లైసెన్సు, ఆర్సీ చూపించడానికి. 2018లో సవరించిన నిబంధనల ప్రకారం అవి అసలు కాగితాలతో సమానమే కాబట్టి ఆయన అభ్యంతరం చెప్పలేదు. "తప్పు నాదేనండీ, రాయండి" అన్నాను. ఆయన చేతిలోని యంత్రంతో బండి నంబరు ఫొటో తీసుకుంటున్నప్పుడు ఛాతీ మీది పేరు పలకను చూశాను. ఒక పక్క పిన్ను ఊడి అది ఏటవాలుగా వేలాడుతోంది, చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయి ఉంది. అరెస్టు చేసేవారు, విచారణ జరిపేవారు స్పష్టంగా కనిపించేలా పేరు ధరించాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది అరెస్టు కాదు గాని, ఎదుటివారి పేరు కనబడితే మాట తీరు ఎంత మారుతుందో ఈ ఉదయం నాకు తెలిసింది. గౌరవంగా పేరు పెట్టి పిలిచి, వస్తానని చెప్పాను. ఆయన తలెత్తి చూసి, "జాగ్రత్తగా వెళ్ళండి" అన్నారు.

పోలీసులంటే మనకున్న భయానికి ఆధారం లేదని నేను అనను. శిస్తు వసూలు పేరిట, నేర విచారణ పేరిట మద్రాసు ప్రెసిడెన్సీలో జనాన్ని చిత్రహింసలు పెడుతున్నారని ప్రభుత్వం వేసిన కమిషనే 1855లో నివేదిక ఇచ్చింది. మన కోస్తా అంతా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది, కొత్త సాక్ష్య చట్టంలో కూడా అదే మాట 23వ సెక్షన్‌గా నిలిచింది. చట్టమే ఇంత జాగ్రత్త పడిందంటే జనం భయపడడంలో వింత లేదు.

అయితే ఆ భయం ఉన్న మనమే అవసరం వచ్చినప్పుడు చట్టాన్ని పక్కన పెట్టమని పోలీసులను అడుగుతున్నాం. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య (దిశ) కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలిసిన ఉదయం, అక్కడ చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేను ఆ రోజు తరగతిలో, "మంచి పని జరిగింది" అని పిల్లలతో అన్నాను. ఆ అమ్మాయికి జరిగిన ఘోరానికి నా గుండె మండిపోయిన మాట నిజమే. కానీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని అది తేల్చినప్పుడు, అదే తరగతి గదిలో ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ పిల్లలు బడి విడిచి వెళ్ళిపోయారు. నా మొదటి మాట ఒక్కటే వాళ్ళతో వెళ్ళింది.

సాయంత్రం నాలుగింటికి మా కింది వాటాలో అద్దెకు ఉండే ఆవిడతో కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. శుక్రవారం బస్సులో ఎవరో ఆమె ఫోన్ కొట్టేశారు. స్టేషన్ గడప తొక్కితే పరువు పోతుందని ఇంట్లోవాళ్ళు రెండు రోజులు ఆపారు. ఫోన్ పెట్టె మీద ఐఎంఈఐ నంబరు ఉన్న అట్టముక్కను కత్తిరించి, రూళ్ళ కాగితం మీద ఫిర్యాదు రాసుకుని ఆమె సిద్ధంగా ఉంది. దొంగతనం తమ పరిధిలో జరగలేదు కాబట్టి అక్కడికే వెళ్ళమని స్టేషన్ రైటర్ చెప్పారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవచ్చు కదండీ అని మెల్లగా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, లోపల ఎస్సైగారిని అడిగి వచ్చి, కాగితం తీసుకున్నారు. ఆయన చెడ్డవారని నాకు అనిపించలేదు. ఒక్క బల్ల ముందు ఆరుగురం నిలబడి ఉన్నాం, మధ్యలో ఆయన ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది.

అన్నీ ముగిసి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఆమె చేతికి వచ్చేసరికి గంటన్నర పట్టింది. శిష్యుడి పేరు చెప్పి ఉంటే పది నిమిషాల్లో పని అయిపోయేది. రేపు ఆమె ఒంటరిగా ఆ బల్ల ముందుకు వెళ్ళవలసి వస్తే చెప్పుకోవడానికి ఆమెకు ఏ పేరూ లేదు. అందుకే చెప్పలేదు. దారిలో ఆమె ఆ కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని నడుస్తూ, "ఇంతేనా అండీ, దీనికా ఇంత భయపడ్డాం" అంది.

చలానా సందేశం ఇప్పుడే వచ్చింది, డబ్బు కట్టేశాను. శిష్యుడి నంబరు ఫోన్‌లో అలాగే ఉంది. వాళ్ళమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయిందని విన్నాను. రేపు ఉదయం ఫోన్ చేసి ఆవిడకు ఎలా ఉందో అడగాలి.