చెరువుల పుస్తకంలో ‘చెరువు’ దొరకలేదు: పబ్లిషింగ్ డిప్లొమా ప్రాజెక్టు, నా అనుభవం

నిన్న రెండోసారి వైవా (మౌఖిక పరీక్ష) పెట్టారు. ప్రాజెక్టు ఒప్పుకున్నారు. రచన, ప్రచురణ, వెబ్ డిజైన్ మూడూ కలిపి చెప్పే ఏడాది డిప్లొమా మాది. ఆఖర్న ఇచ్చే పని ఒకటే: చిన్న పుస్తకం రాసి, అచ్చుకు సిద్ధం చేసి, అదే విషయాన్ని వెబ్‌సైటుగా పెట్టాలి. నేను మా మండలంలోని చెరువుల మీద 64 పేజీలు చేశాను. తెలుగులో ఇలాంటి ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు నేను పడ్డ గోతిలో పడకూడదని, వివరాలు మరిచిపోకముందే రాస్తున్నాను.

రాయడం దగ్గర చిక్కేమీ రాలేదు. ప్రతి చెరువుకూ కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అని ఒకే వరసలో వివరాలు రాసుకుంటే అధ్యాయాలు కుదిరిపోతాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) సంగతీ అంతే. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవాలి, రుసుము లేదు. ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

సైజు డెమీ 1/8, అంటే 5.5 × 8.5 అంగుళాలు. ఫారానికి (అచ్చువేసి మడిచే పెద్ద కాగితానికి) 16 పేజీల లెక్కన 64 పేజీలు సరిగ్గా నాలుగు ఫారాలు. 66 అయితే ఆ రెండు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం ఎక్కుతుంది, ఖర్చు పెరుగుతుంది. రెండు పేజీలు తగ్గించుకోవడమే మేలు. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు, సెంటర్ పిన్. అచ్చు జాగా 4 × 7 అంగుళాలు, అక్షరం 12 పాయింట్లు, లైన్ల మధ్య 18 పాయింట్లు; పేజీకి 28 లైన్లు పడతాయి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు చెప్పే 14 పాయింట్ల లెక్క మనకు పనికిరాదు. ‘రాష్ట్రం’ లాంటి మాటలో కింది ఒత్తులు వెళ్లి తర్వాతి లైనులోని గుళ్లకు తగులుతాయి.

అసలు దెబ్బ టైపు దగ్గర తగిలింది. మా ల్యాబ్‌లో ఉన్నది పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్. ‘ప్రెస్సువాళ్లు ఇదే అడుగుతారు, ఇందులోనే చేయండి’ అన్నారు ల్యాబ్ సార్. యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణంలో) చేస్తామని అడిగినవాళ్లకు అనుమతి ఇవ్వలేదు. అలాగే చేశాం. పీడీఎఫ్ చూడముచ్చటగా వచ్చింది. వెబ్‌సైటులో ఆ పేజీలనే బొమ్మలుగా పెట్టాను.

మొదటి వైవాకు బయటి నుంచి వచ్చిన మేడమ్ పీడీఎఫ్ తెరిచి, వెతికే పెట్టెలో ‘చెరువు’ అని కొట్టారు. ఒక్కటీ దొరకలేదు. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడ్డాయి. ‘ఇది కళ్లకు తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం ఇందులో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు’ అన్నారు. వెబ్‌సైటులో బొమ్మలు చూసి, ‘చూపులేనివాళ్ల ఫోన్ దీన్ని ఏమని చదివి వినిపిస్తుంది?’ అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. మార్కులు వేయకుండా ఫైలు వెనక్కి ఇచ్చారు. పేజ్‌మేకర్‌లోనే చేయమన్న సార్ ఆ గదిలోనే ఉన్నారు. ఇది ల్యాబ్ నిర్ణయమని ఒక్క మాట చెప్పలేదు. ఆ మౌనాన్ని నేను క్షమించలేను. నేర్పాల్సినవాళ్లు నేర్పని దానికి విద్యార్థి పదిమందిలో తల దించుకోవాల్సి వచ్చింది.

జరిగిందేమిటంటే, అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో (కోడ్ నంబర్లలో) తెలుగు అక్షరాల ముక్కలు గీసి పెట్టారు. తలకట్టు ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో. ఫాంటు తీసేస్తే అడుగున ఇంగ్లీషే మిగులుతుంది. యూనికోడ్ 1991లో మొదటి కూర్పు నుంచే తెలుగుకు సొంత గదులు ఇచ్చింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. దాని ఆఖరి వెర్షన్ 2001 నాటిది.

నా దగ్గర పదివేల పైచిలుకు మాటలు అనులో ఉన్నాయి. కన్వర్టర్‌లో వేస్తే క్షణంలో యూనికోడ్ అవుతుంది, కానీ ఆ ఫలితాన్ని నేరుగా వాడితే రెండోసారి పరువు పోతుంది. అనులో అక్షరాలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి: ముందు ‘సీ’, దాని కింద త ఒత్తు, ర ఒత్తు. యూనికోడ్‌లో ఒత్తులన్నీ అయ్యాకే గుణింతపు గుర్తు రావాలి. కన్వర్టర్ ఈ వరస మార్చడం మరిచిన చోటల్లా ‘స్త్రీ’ బదులు ‘సీ్త్ర’ పడుతుంది. పత్రికల సైట్లలో ఈ తప్పును మీరంతా చూసే ఉంటారు.

దీన్ని ఒక్కొక్కటిగా దిద్దనక్కర్లేదు. సరైన తెలుగులో గుణింతపు గుర్తు వెనకే పొల్లు రావడం ఉండదు. కాబట్టి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (మాటకు బదులు నమూనాతో వెతికే పద్ధతి) ఎంచుకుని, వెతికే పెట్టెలో ఇది పెట్టాలి:

([ా-ౌ])((్[క-హ])+)

మార్చే పెట్టెలో ఇది:

$2$1

ఒత్తులు ముందుకు, గుర్తు వెనక్కి పోతాయి. పెట్టెలో గుర్తుల పక్కన చుక్కల వలయాలు కనిపిస్తాయి, కంగారుపడొద్దు. ముందు పది చోట్ల ఒక్కొక్కటిగా మార్చి చూసుకుని, తర్వాతే అన్నీ ఒకేసారి మార్చండి. అసలు ఫైలు కాపీ పక్కన పెట్టుకోవడం తప్పనిసరి.

రెండో దొంగ సున్న. ‘మండల౦’, ‘మండలం’ కంటికి ఒక్కటే. మొదటిదాంట్లో ఉన్నది తెలుగు అంకె సున్న, రెండోదాంట్లో ఉన్నది పూర్ణబిందువు. అంకె ఉన్న మాట వెతికితే దొరకదు. అక్షరం వెనక వచ్చిన అంకె సున్నలను [అ-్]౦ అని వెతికి దిద్దుకోవాలి.

మూడోది ‘పార్క్‌లో’, ‘జీపీఎస్‌లో’ లాంటి మాటలు. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (కంటికి కనిపించకుండా అక్షరాలను కలవనివ్వని గుర్తు) లేకపోతే ‘పార్క్లో’ అయిపోతుంది. దీనికి అడ్డదారి లేదు, కళ్లతో చదివి దిద్దడమే. నాకు ఈ మూడో పనికే నాలుగు రాత్రులు పట్టింది. అయినా ఈ దిద్దుబాటు మొత్తం నా చేతులతో నేనే చేశాను. డీటీపీ షాపుకు ఇచ్చినవాళ్ల ఫైళ్లలో ‘సీ్త్ర’లు ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత పేజీలు ఇన్‌డిజైన్‌లో కట్టాను. అక్కడా ఒక మెలిక ఉంది. మామూలు కంపోజర్‌తో (అక్షరాలను లైన్లుగా పేర్చే అమరికతో) ఒత్తులు విడిపోయి పొల్లులు బయటపడతాయి. పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ అనే భాగానికి వెళ్లి, కంపోజర్‌ను ‘అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’గా మార్చాలి. ఒక్క పేరాకు మార్చి ఊరుకుంటే కొత్త పేరా మళ్లీ విరుగుతుంది, స్టైల్‌లోనే మార్చండి. నాన్ జాయినర్‌ను టైప్ మెనూలోని స్పెషల్ క్యారెక్టర్లలోంచి పెట్టుకోవచ్చు. ఫాంటు నోటో సెరిఫ్ తెలుగు.

ప్రూఫ్ దగ్గర చూడాల్సింది నలుపు. వర్డ్ నుంచి తెచ్చిన నలుపు తెరమీది నలుపైతే ప్రెస్సులో నాలుగు రంగులుగా విడిపోతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా తలకట్లు మసకబారతాయి. అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి నలుపు ఒక్కదాన్నీ ఆపి చూడండి. అక్షరాలు మాయమైతే సరే; ఇంకా కనిపిస్తుంటే రంగు దిద్దాలి.

యూనికోడ్‌లో కట్టినా తెలుగు పీడీఎఫ్‌ను వెతుకులాటకు పూర్తిగా నమ్మొద్దు. పీడీఎఫ్ దాచుకునేది గీసిన ఆకారాలను. వాటినుంచి అక్షరాల వరస తిరిగి రాబట్టేటప్పుడు తప్పులు దొర్లుతాయి. అందుకే వెబ్‌సైటు మాత్రం అచ్చమైన హెచ్‌టీఎంఎల్ పాఠం కావాలి. యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి), పేజీ భాష తెలుగు అని పైనే ప్రకటించాలి. లైన్ హైట్ 1.7 పెట్టాను. మొదట మండలి ఫాంటు వాడాను. అందులో ఒక్క మందమే ఉంది కాబట్టి బోల్డ్ పెట్టినప్పుడు బ్రౌజరే అక్షరాన్ని ఉబ్బించి, సున్నాలను పూడ్చేసింది. శీర్షికలకు చాలా మందాలున్న నోటో వాడాక బాగుపడింది. ఇటాలిక్ జోలికి పోవద్దు. తెలుగులో అది ఒరిగిపోయిన అక్షరంలా ఉంటుంది. పేజీల ఫైళ్లకు తెలుగు పేర్లు పెడితే లంకె కాపీ చేసినప్పుడు బారెడు % గుర్తులు వస్తాయి, ఇంగ్లీషు పేర్లే పెట్టండి.

నిన్న అదే మేడమ్ సైటు తెరిచి ‘అలుగు’ అని వెతికారు. ప్రతి చెరువు పేజీలోనూ దొరికింది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టి ఒక పేజీ చదివించారు, చివరిదాకా విన్నారు.

ఇక మిగిలింది కాపీలు పంపడం. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణ అయిన 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కోటి మన ఖర్చుతోనే చేర్చాలి. నాలుగు కవర్లూ సిద్ధంగా ఉన్నాయి, సోమవారం పోస్టు చేస్తాను.