రిప్పన్ బిల్డింగ్‌లో దొంగ హాజరు

చెన్నై కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ అనగానే అందరికీ తెల్లటి భవనం గుర్తొస్తుంది. లెక్కలు చూసేవాళ్ళకి మాత్రం 1973 నాటి మస్టర్ రోల్ కుంభకోణం.

మస్టర్ అంటే కూలీల హాజరు పట్టీ. పేరు, పనికొచ్చిన రోజులు, కూలి రేటు, చివర్లో సంతకమో వేలిముద్రో. ఇందులో దొంగతనం మహా తేలిక. లేని మనిషి పేరు ఎక్కించి, రోజూ హాజరు వేసి, కూలిచ్చే రోజున ఎవరిదో ఒకరి వేలిముద్ర కొట్టిస్తే చాలు. ఆ ముద్ర ఎవరిదని పోల్చి చూసే నాథుడుండడు. హాజరు వేసేవాడూ డబ్బు పంచేవాడూ కుమ్మక్కైతే ఆడిట్‌కి కాగితం కడిగిన ముత్యంలా కనిపిస్తుంది. పట్టుకోవాలంటే చెప్పాపెట్టకుండా పొద్దున్నే పనిచోటికి వెళ్ళి తలకాయలు లెక్కపెట్టాల్సిందే. (చెన్నై వీధులు తరతరాలుగా ఊడుస్తున్న తెలుగు కుటుంబాలకి ఈ మస్టర్ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.)

ఆ కుంభకోణం గొడవ ముదిరి కార్పొరేషన్ కౌన్సిల్‌నే రద్దు చేశారు. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడనుకున్నారు? 1996లో! అన్నేళ్ళూ ప్రత్యేకాధికారుల పాలనే. దొంగ హాజరు ఎవరిదో, పోయిన ఓటు ఊరందరిదీ. రద్దయితే ఆరు నెలల్లో ఎన్నిక జరపాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చింది. అయినా 2016 అక్టోబరులో గడువు తీరిన కౌన్సిల్‌కి ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో గానీ జరగలేదు.