ముక్కు లారీ వదిలి టిల్ట్ క్యాబిన్ ఎక్కాను

నిన్న రాత్రి మద్రాసు మణలి యార్డులో బండి తాళం నా చేతికిచ్చారు. పది టైర్ల లారీ, ఇంజను సీటు కిందే ఉంటుంది. పన్నెండేళ్లుగా నేను తోలింది టాటా ఎస్‌ఈ 1613, బానెట్ ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు లారీ. నెల్లూరు బియ్యం మద్రాసుకు తెచ్చేవాణ్ని. ఓనరు దాన్ని అమ్మేశాక పది రోజులు పని కోసం తిరిగాను.

హెవీ లైసెన్సు చూడటం, కంటి పరీక్ష ఒక్క పూటలో అయిపోయాయి. పరువు పోయింది ట్రయల్ రోజున.

"క్యాబిన్ ఎత్తి ఫ్యాన్ బెల్టు చూడు" అన్నాడు సూపర్‌వైజరు. నా పాత బండిలో బానెట్ తెరిస్తే చాలు. ఇక్కడ క్యాబిన్ మొత్తాన్నీ ముందుకు వంచాలి. హ్యాండ్‌బ్రేకు వేశాను, న్యూట్రల్ చేశాను, టైర్లకు రాళ్లు పెట్టాను, వాల్వు తిప్పి పంపు కొట్టాను. పాత డ్రైవరు సామాను లోపలే ఉందని ఎవరూ చెప్పలేదు. సగం లేచేసరికి బెర్తు మీది స్టవ్వు, నీళ్ల క్యాను, జాకీ రాడ్డు ఒకదాని వెనక ఒకటి జారి ముందు అద్దానికి కొట్టుకున్నాయి. అద్దం మూల నుంచి మధ్య దాకా చీలింది. కుంకుమ డబ్బా ఊడి డ్యాష్‌బోర్డంతా ఎర్రగా అయింది.

"పన్నెండేళ్ల సర్వీసన్నావ్, లోపల ఖాళీ చేయాలని తెలీదా?" అని పదిమంది డ్రైవర్ల ముందు అరిచాడు. అద్దం డబ్బు జీతంలో కోస్తానన్నాడు. లోపల చూసుకోకపోవడం నా తప్పే. కానీ కొత్తవాడికి బండి ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెబితే వాళ్ల సొమ్మేం పోయింది? ఇన్నేళ్లలో ఒక్క యాక్సిడెంటు చేయని మనిషిని నేను. ఇలాంటి యార్డులు డ్రైవరు కష్టాన్ని చూడవు, తప్పునే చూస్తాయి.

నాయుడుపేట మెకానిక్ ఒకాయన పక్కకు పిలిచి నేర్పించాడు. "తమ్ముడూ, ముందర జాగా చూసుకో, తలుపులు గట్టిగా వెయ్యి. పూర్తిగా లేచి లాక్ పడేదాకా కింద తల పెట్టకు." దించాక కూడా లాక్ చూడాలట. అది పడకపోతే బ్రేకు కొట్టినప్పుడు క్యాబిన్ ముందుకు లేస్తుంది. ఆ అన్నకు రుణపడి ఉంటాను.

మర్నాడు తోలి చూపించాను, వంక పెట్టలేకపోయారు. ఒక్క మలుపు దగ్గరే జాగ్రత్త కావాలి. పాత లారీలో ముందు టైరు నాకు ముందుండేది, ఇందులో నా కిందే ఉంది. పాత అలవాటున తిప్పితే తొందరపడినట్టే, వెనక టైర్లు రోడ్డు పక్క గట్టు మీదికి ఎక్కేస్తాయి. మన సీటు మలుపు దాటాకే తిప్పాలి.

తిరువొత్తియూరు ఇరుకులో మాత్రం ఈ బండే మేలు. ముక్కు అడ్డం లేదు, రోడ్డంతా కళ్ల ముందే. కానీ బంపరుకు ఆనుకుని ఆగిన స్కూటరు కనిపించదు, దానికి పైనున్న చిన్న అద్దం చూడాల్సిందే. గుంత వస్తే దెబ్బ నేరుగా నడుముకే. ఎదురుగా గుద్దుకుంటే మన మోకాళ్ల ముందు ఉన్నది రేకు, అద్దం, అంతే. కింద ఇంజను వేడి, పైన మద్రాసు ఎండ. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకు ఏసీ తప్పనిసరి చేశారు. నాది అంతకు ముందుది.

రేపు తడకు లోడు. పొద్దున ఎక్కగానే స్టవ్వునీ, నీళ్ల క్యానునీ బెర్తుకు తాడుతో బిగించి కట్టేశాను.