దస్తావేజులో ఒక మాట, ఢిల్లీలో రెండు నిమిషాలు

మా నాన్న 1998లో దావా వేసేనాటికి రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలో కలిసింది. ఈలోగా రాష్ట్రం రెండైంది. హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో నడుస్తోంది. ఇన్ని కదిలినా మా ఎకరా 12 సెంట్ల గరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

గరువంటే మెరక నేల. వాన పడితే గోగో, నువ్వులో, ఉలవలో వేసుకుంటాం, పడకపోతే పశువులు తిరుగుతాయి. మా పెదతాతకు ముసలితనంలో అన్నం పెట్టింది మా ఇల్లే. ఆ కృతజ్ఞతతో ఆయన 1964లో ఆ భూమిని మా నాన్న పేర దఖలు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించారు. అందులో అసలు వాక్యం ఇది: ‘సదరు భూమిని నీవు నీ ఇష్టానుసారము అనుభవించుకొనగలవు.’ మామూలుగా ఇలాంటి దస్తావేజుల్లో ‘పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అని ఒక తోక ఉంటుంది. రాసినవాడు మరిచిపోయాడో, పెదతాతే వద్దన్నారో, మా దాంట్లో ఆ తోక లేదు.

1998లో చెల్లి పెళ్లికి నాన్న అందులో అరెకరం అమ్మబోయాడు. పెదతాత కూతురి కొడుకులు, అంటే నాకు బావలు, వచ్చి అడ్డుపడ్డారు. ‘‘తాత నిన్ను తినమన్నాడు గాని అమ్ముకోమనలేదు మామయ్యా’’ అన్నారు. పూర్తి హక్కు తనదేనని తేల్చమంటూ నాన్న రాజాం కోర్టుకు వెళ్లాడు. 2005లో గెలిచాడు. 2010లో అప్పీలు కోర్టు తిరగేసింది. నాన్నకు బతికున్నంత కాలం అనుభవించే హక్కే తప్ప అమ్మే హక్కు రాలేదంది, అంటే ఆయన తర్వాత భూమి పెదతాత వారసులదే. హైకోర్టులో రెండో అప్పీలు వేశాం. 2014లో నాన్న పోయాడు, ఆయన స్థానంలో నా పేరు చేరింది. 2022 జులైలో ఆ అప్పీలూ పోయింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం రెండో అప్పీలు నిలవాలంటే గట్టి న్యాయప్రశ్న ఒకటి ఉండాలి. మా కేసులో అలాంటిది లేదని తీర్పు.

తర్వాతేమిటని మా ప్లీడరు గారిని అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకిప్పటికీ గుర్తుంది. ‘‘మాస్టారూ, సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు మీకు లేదు. వెళ్లనివ్వండి అని అడిగే హక్కు ఉంది.’’

నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని. అయినా ఆ తేడా బుర్రకెక్కడానికి నాకు కొంత సమయం పట్టింది. సివిల్ కేసు నేరుగా అప్పీలుగా వెళ్లాలంటే, ఇందులో దేశమంతటికీ పనికొచ్చే గట్టి న్యాయప్రశ్న ఉంది, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలి అని హైకోర్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది రాజ్యాంగం 133వ అధికరణం. న్యాయప్రశ్నే లేదన్న కోర్టు అలాంటి సర్టిఫికెట్ ఇస్తుందా? ఇక మిగిలింది 136వ అధికరణం. ఏ కోర్టు తీర్పు మీదైనా సుప్రీంకోర్టు తన ఇష్టం మేరకు ప్రత్యేక అనుమతి ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఈ అధికారాన్ని అరుదుగా, అసాధారణమైన కేసుల్లోనే వాడతామని ఆ కోర్టు పుట్టిన 1950లోనే, ప్రీతమ్ సింగ్ కేసులో చెప్పుకుంది. అందరూ ఎస్సెల్పీ అనే స్పెషల్ లీవ్ పిటిషన్ ఆ తలుపు తట్టడమే.

గడువు 90 రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు అందులోంచి పోతాయి. నకలు చేతికిస్తే ప్లీడరు గారి గుమాస్తా తీర్పు వైపు చూడనైనా లేదు. కట్ట తిప్పి వెనక పేజీలో ఉన్న రబ్బరు ముద్ర చూశాడు. అర్జీ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ. వేళ్ల మీద లెక్క వేసి ‘‘ఇంకా రోజులున్నాయి’’ అన్నాడు. పాతికేళ్ల కేసులో మాకు అనుకూలంగా విన్న మాటల్లో అదొకటి.

సుప్రీంకోర్టులో ఏ లాయరు పడితే ఆ లాయరు కాగితం దాఖలు చేయలేరు. అడ్వకేట్ ఆన్ రికార్డ్ అనే ప్రత్యేక పరీక్ష ప్యాసై, కోర్టుకు 16 కిలోమీటర్ల లోపు ఆఫీసు ఉన్నవారే చేయాలి. మాకు కుదిరినావిడ గుంటూరు అమ్మాయి, ఢిల్లీలో స్థిరపడింది. ఫీజు ఎంతో ఇక్కడ రాయను, ఇది మా ఇంట్లో కూడా చదువుతారు.

అసలు పని తర్జుమా దగ్గర మొదలైంది. సుప్రీంకోర్టు వ్యవహారమంతా ఇంగ్లీషులోనే జరగాలి, అది 348వ అధికరణం. తెలుగు కాగితం ఒక్కటున్నా దానికి ఇంగ్లీషు తర్జుమా జతపరచాలి. ఎవరో చేసిన తర్జుమా ఒకరోజు రాత్రి నా ఫోనుకు వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివాను. ‘గరువు భూమి’ని ‘గురువు భూమి’గా చదివాడు ఆ మహానుభావుడు. ఉపాధ్యాయుడికి చెందిన నేల అని రాశాడు. నేను మాస్టారినే గాని 1964లో నాకు రెండేళ్లు. ఇంకా కిందికి వెళితే ‘అనుభవించుకొనగలవు’ అన్నచోట ‘ఎక్స్‌పీరియన్స్’ అనే మాట పడింది. ఆ భూమి వల్ల మా నాన్న జీవితానుభవం సంపాదించుకోగలడన్న అర్థం వస్తోంది. అబద్ధమేమీ కాదు గాని కోర్టుకు ఆ సంగతి అక్కర్లేదు.

వెంటనే ఫోను చేశాను.

‘‘అమ్మా, దస్తావేజులో అనుభవమంటే వేరు. స్వాధీనంలో ఉంచుకుని ఫలసాయం తీసుకోవడం.’’

‘‘అయితే ‘పొసెషన్ అండ్ ఎంజాయ్‌మెంట్’ అని వేయిస్తాను మాస్టారూ.’’

‘‘ఆ మాట వేస్తే మనకు మేలా, కీడా?’’

కాసేపు ఆవిడ పలకలేదు. ‘‘అదే కదండీ మన కేసు’’ అంది చివరికి.

అప్పటిదాకా నాకూ తట్టలేదు. ‘ఇష్టానుసారము’ అన్న మాటను బలంగా తర్జుమా చేస్తే మా వైపు మొగ్గుతుంది, ‘అనుభవించు’ను బలంగా చేస్తే బావల వైపు. రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టాను. ఒక వాక్యం కోసం మూడు రోజులు ఫోన్లు నడిచాయి. ఇన్నేళ్లూ పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పాను గాని, ఒక్క క్రియాపదం మీద ఎకరా నేల ఆధారపడిన సందర్భం ఎప్పుడూ రాలేదు.

ఆ తర్వాత తేదీల పట్టిక. పిటిషన్ మొదట్లో కేసు సారాంశం, ఏ తేదీన ఏం జరిగిందో పట్టిక పెట్టాలి. జడ్జీలు ముందు చదివేది అదేనట. నేను పదకొండు పేజీలు రాసి పంపితే ఆవిడ మూడు పేజీలు చేసింది. చెల్లి పెళ్లి ఆగిపోవడం, సంబంధం తప్పిపోవడం అన్నీ ఎగిరిపోయాయి. నాన్న చావు ఒక గడిలో ఒదిగింది: 2014, మొదటి వాది మరణం, వారసులు రికార్డు మీదికి. పాత ట్రంకు పెట్టెలో నాన్న కట్టిన శిస్తు రసీదులు దొరికితే జత చేయమన్నాను. కుదరదంది. కింది కోర్టుల్లో పెట్టని కాగితం ఇక్కడ కోర్టు అనుమతి లేకుండా కొత్తగా పెట్టకూడదు. ఆ రసీదులు ఇప్పటికీ పెట్టెలోనే ఉన్నాయి.

దాఖలు చేశాక డైరీ నంబరు వచ్చింది. కేసు నంబరు వచ్చేసిందని ఊళ్లో చెప్పేశాను. అది కాదట. రిజిస్ట్రీ, అంటే కోర్టు ఆఫీసు, ముందు లోపాలు వెతుకుతుంది, సరిచేయడానికి 28 రోజులు ఇస్తుంది. మా దస్తావేజు జిరాక్సు మసగ్గా ఉంది, టైపు ప్రతి పెట్టమన్నారు. న్యాయమే. అరవై ఏళ్ల కిందటి సిరా అది.

2023 జనవరిలో ఒక సోమవారం మా కేసు వేశారు. కొత్త పిటిషన్లు అప్పట్లో సోమ, శుక్రవారాల్లో వినేవారు. మధ్య మూడు రోజులు పూర్తి విచారణలకు. ‘‘మీరు రానక్కర్లేదు మాస్టారూ’’ అంది ఆవిడ. నేను ఆగలేకపోయాను. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఉత్తరాది పొగమంచులో రైలు ఎంత ఆలస్యమైందో చెప్పుకోవడం దండగ.

ఆదివారం సాయంత్రం ఆవిడ ఆఫీసులో టెక్కలి వైపు ఆయన ఒకరు కలిశారు. తమ్ముడి మీద హత్య కేసు. సెషన్స్ కోర్టు నిర్దోషి అంది. ప్రభుత్వం అప్పీలు చేస్తే హైకోర్టు దాన్ని తిరగేసి యావజ్జీవ శిక్ష వేసింది. తమ్ముడు విశాఖ జైల్లో ఉన్నాడు. వాళ్లు మాలాగా కోర్టును అనుమతి అడగక్కర్లేదు. నిర్దోషిగా విడుదలైనవాడికి హైకోర్టు మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లకు తక్కువ కాని శిక్షో వేస్తే సుప్రీంకోర్టుకు అప్పీలు హక్కుగా వస్తుంది. 1970లో చట్టం చేసి ఈ హక్కును విస్తరించారు. సాక్ష్యం మొదటి నుంచి చూస్తారని, బుధవారం వింటారని ఆయన చెప్పారు. మరణశిక్ష కేసులైతే ముగ్గురు జడ్జీలు కూర్చుంటారట. మనిషికొక దారి, మట్టికొక దారి అనుకున్నాను. మనసులో కాస్త అసూయ కలిగిన మాట నిజం. ఆ వెంటనే సిగ్గేసింది కూడా. ఆయన చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది, అందులో పలాస జీడిపప్పు. లాయరు గారికని తెచ్చారు. ఆవిడ తీసుకోలేదు.

పొద్దున్నే పాస్ తీసుకుని, ఫోను బయట అప్పగించి లోపలికి వెళ్లాను. మా వరస 37. ఆ రోజు ఆ బెంచి ముందు యాభైకి పైగా పిటిషన్లున్నాయి. ఇద్దరు జడ్జీలు. ముందు రాత్రే చదువుకుని వచ్చారని చూస్తేనే తెలుస్తోంది. లాయరు నోరు తెరవక ముందే పేజీ నంబరు చెబుతున్నారు. ఒక కేసులో ఎదుటివాళ్లకు నోటీసు ఇచ్చారు, పది కేసులు కొట్టేశారు, ఒకదాన్ని రెండు వారాలు వాయిదా వేశారు. 37 పిలిచారు. మా తరఫున వాదించే సీనియర్ లాయరు లేచి, దస్తావేజుకు అర్థం చెప్పడం న్యాయప్రశ్నే అవుతుందని మొదలుపెట్టారు. పెద్ద జడ్జి గారు అడ్డుపడి ఏదో అడిగారు. ఆయన జవాబిచ్చారు. రెండో జడ్జి గారు మా తర్జుమా ఉన్న పేజీ తిప్పి చదివారు. అది మాత్రం నేను కళ్లారా చూశాను. ఆయన వేలు ఆ వాక్యం మీద ఆగింది. తర్వాత ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకున్నారు. అంతే. అంతా కలిపి రెండు నిమిషాలు.

బయట వరండాలో ఆవిడ విడమర్చి చెప్పింది. ‘‘రెండు కోర్టులు ఈ వాక్యాన్ని ఒకేలా చదివాయి, అది అసాధ్యమైన అర్థం కాదు, మేం మూడోసారి ఎందుకు చదవాలి అన్నారు.’’

‘‘తప్పు చదివారని కూడా అనలేదా, ఒప్పని కూడా అనలేదా?’’

‘‘ఏదీ అనలేదు మాస్టారూ.’’

సాయంత్రానికి ఆర్డరు కోర్టు వెబ్‌సైటులోకి వచ్చింది. నాలుగు పంక్తులు. జోక్యం చేసుకునే కారణం కనిపించనందున పిటిషన్ కొట్టివేయడమైనదని దాని సారం. కారణాలు రాయని ఇలాంటి ఆర్డరు హైకోర్టు తీర్పును సమర్థించినట్టు కాదట. అనుమతి ఇచ్చి అప్పీలుగా విని ఉంటే హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో కలిసిపోయేది. వాకిట్లోనే వెనక్కి పంపితే ఏదీ కలవదు. 2000లో కేరళ నుంచి వచ్చిన కున్హయమ్మద్ కేసులో ఈ సంగతి తేల్చారు. కాబట్టి హైకోర్టులో రివ్యూ, అంటే తన తీర్పునే మళ్లీ చూడమని, అడగొచ్చు. సుప్రీంకోర్టులోనైనా 30 రోజుల్లో రివ్యూ వేయొచ్చు, దాన్ని మామూలుగా వాదనలు లేకుండా జడ్జీలు గదిలోనే చూస్తారు. ఆవిడ ఇవన్నీ చెప్పి, ‘‘వేయమంటారా?’’ అంది. వద్దన్నాను. నాకు కావలసింది ఎవరో ఒకరు ఆ వాక్యం మీద వేలు పెట్టి చదవడం, అది జరిగింది. గెలవలేదన్న బాధ లేదని కాదు. రైల్లో రాయగడ దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

బుధవారం టెక్కలి ఆయన కేసు మధ్యాహ్నం దాకా విని తీర్పు వాయిదా వేశారని తర్వాత ఫోనులో తెలిసింది.

సంక్రాంతి వెళ్లాక పెద్ద బావ వచ్చాడు. పాతికేళ్ల తర్వాత మా అరుగు మీద కూర్చోవడం. ‘‘ఉలవలు నూర్చుకున్నాకే ఇద్దువు గానిలే బావా’’ అన్నాడు. కాఫీ తాగాడు. వెళ్లబోతూ, భూమి అప్పగించినట్టు ఒక కాగితం కావాలన్నాడు. ‘‘మాస్టారివి, నువ్వే రాసిపెట్టు. నేను రాస్తే మళ్లీ ఏదో ఒకటి మరిచిపోతాను.’’

తెల్లకాగితం తీసుకుని సర్వే నంబరు, నాలుగు హద్దులు రాశాను. కింద ఇలా రాశాను: ‘సదరు గరువు భూమి ఈ దినము మీ స్వాధీనానుభవములోనికి వచ్చినది గనుక మీరు, మీ పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో, మీ ఇష్టానుసారము అనుభవించుకొనగలరు.’ బావ రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.